కామ వైపు నుంచి

ఒంగోల్లో హార్డ్‌వేర్ షాపులో కొన్నాను,
ఎర్రరంగు గొడ్డలి, ఆరొందల ఇరవై.
కొండపి పక్కన మా బ్యారన్ కాడికి తెస్తే
నాగూరమ్మ దాన్ని మెచ్చుకోలేదు.
కామ మీది రంగు గోటితో గీకింది.
"రంగేసినోడు ఏదో దాస్తన్నాడు అబ్బయా."
కింద గీతలు అడ్డంగా పారుతున్నాయి.
మాను పెరిగిన దారి
ఆ కొస నుంచి ఈ కొసకి నిలువునా ఉండాలంట.
అడ్డం పారితే ఒకనాడు నడిమికి తెగి
కామ నీ చేతిలో మిగిలిద్ది,
ఇనుము ఎవరి కాలో వెతుక్కుంటా పోద్ది.

మర్నాడు కందుకూరు.
ఖాసిం సాయిబు కొలిమి ముందు
బూడిదలో పది గొడ్డళ్ళు.
ఒక్కొక్కటీ తీసి చెయ్యి చాపి
నన్ను పది లెక్కపెట్టమంది.
"పది రాకముందే వణికావు. అది నీ బరువు కాదు, పెట్టెయ్."
సన్న మొగందయితే నరకడానికి,
బుగ్గలున్నదయితే చీల్చడానికి.
"మాకు బుగ్గలదియ్యి సాయిబూ,
సన్నది మొద్దులో దిగబడితే
పెళ్ళయినా కదలని చుట్టం."
తెల్లతుమ్మ చేవ కామ, కన్ను నిండా బిగువు,
పైన అడ్డంగా చీల.
"వదులైతే నీళ్ళల్లో నానేస్తారు కొందరు.
ఆ పూటకి బిగిసిద్ది.
ఎండెక్కితే మళ్ళీ వదులే.
తాగినోడి ఒట్టు అది."

ఆకు పచ్చ విడిచి పసుపు తిరగడానికి
ఆరు రాత్రులు పొయ్యి ఆరకూడదు.
ట్రాక్టరు నిండా సుబాబుల్, జామాయిల్,
మధ్యలో ఎవరో కలిపిన చిల్ల మొద్దులు.
గొడ్డలి పట్టుకుని చెయ్యి చాపి
చుట్టూ తిరిగింది, కాలితో గీత గీసింది.
"ఇందులోకి కుక్క కూడా రాకూడదు."
తలెత్తి పైకి చూసింది: కొమ్మ లేదు,
బట్టలారేసే తీగ ఉంది, విప్పించింది.
పైట నడుముకి దోపింది.
నా హవాయి చెప్పులు చూసి నవ్వలేదు.
పొయ్యి చూసే నర్సింగు పాత బూట్లు తెప్పించి
ముందు భాగంలో గోనెపీలికలు కుక్కింది.

పాత లారీ టైరు మధ్య మొద్దు నిలబెట్టింది,
చీలినవి ఎగిరి మొగాన పడకుండా.
"కాళ్ళు ఎడంగా. మోకాళ్ళు వంచు.
తప్పుద్దని ముందే ఒప్పుకుని నిలబడు.
తప్పిన దెబ్బ నేలకి పోవాల, నీకు కాదు.
నడిమధ్యన కొట్టబాక,
పగులెటు నవ్వుతుందో చూసి అంచున కొట్టు."

మొదటి దెబ్బ టైరుకి.
మూడోది దిగబడింది, ఊడదీసేసరికి చెమట.
ఏడో దెబ్బకి
టప్పున రెండు పేళ్ళు,
లోపల తడి, పచ్చి చిక్కుడుకాయ వాసన.
పొంగిపోయి చిల్లమొద్దు ఎత్తాను.
ఒళ్ళంతా బుడిపెలు.
"దాన్నొదిలెయ్. అన్నిట్నీ గెలవాల్సిన పని లేదు.
అట్టనే పొయ్యిలోకి పోద్ది."

నాలుగో రాత్రి ఓనరు బామ్మర్ది మాల్యాద్రి
తూలుకుంటా వచ్చాడు.
"ఇయ్యి, ఒక్క దెబ్బకి మూడు పేళ్ళు చేసి చూపిస్తా."
నాగూరమ్మ లేవలేదు.
గొడ్డలికి సైకిల్ ట్యూబు తొడుగు తొడిగింది,
మీద గోనెపట్టా కప్పింది,
దాని మీద కూర్చుంది.
"తెల్లారి రా అయ్యా, ఇస్తా."
అరిచాడు. కూలి ఆపిస్తానన్నాడు.
ఆమె పొయ్యి వంకే చూస్తోంది.
ఆ వెలుగులో కనపడింది
ఆమె ఎడమకాలి బొటనవేలు. సగమే ఉంది.
నేనడగలేదు.
ఆయనెప్పుడు పోయాడో కూడా గుర్తులేదు.

ఆరో పొద్దున బ్యారన్ తలుపు తీస్తే
లోపలంతా పసుపు, తేనెపట్టు వాసన.
ఆకురాయితో రెండు వైపులా పదును తీసి
గొడ్డలి నాకందించింది, కామ వైపు నుంచి.
పట్టుకున్నాను.
ఆమె వదల్లేదు.
లాగాను. అయినా వదల్లేదు.
"నోటితో చెప్పు."
"పట్టుకున్నా నాగూరమ్మా."
అప్పుడు వదిలింది.